మా మోటారుబండి – రోగనిదానము

ఎల్లప్పుడు నుండు బాధ కంటె అప్పుడప్పుడు వచ్చి పోవు బాధయే మనుష్యుని ఎక్కువగా వేధించును. ఇంటికప్పు ఒకచోట కురియుచున్నయెడల ఆ చోటు గుర్తించి పెంకు సవరింపవచ్చును. ఒక వానకు కురిసి, మఱియొక వానకు కురియని కప్పు ఇంటివానికి నిద్రలేకుండ జేయును. శరీరమునకు వచ్చు జ్వరములలో సైతము, విడిచి విడిచి వచ్చు చలిజ్వరము పూర్వపు వైద్యులను చిరకాలము మోసపుచ్చెను. వైద్యుడు వచ్చువేళకు రోగి లేచి కూర్చుండి మాటలాడుచుండెడివాడు. అయినను జ్వరము ఏ దినమున వచ్చుచున్నది, ఎన్ని గడియలుండి విడుచుచున్నది యని ఓపికతో వ్రాసికొనిన వైద్యులు, దానికొక క్రమము కలదని ముందుగనే గ్రహించిరి. తుదకు ఆ రోగబీజము దోమకడుపులో పెరుగుచుండుటను రోనాల్డు రాస్ అను సైనికవైద్యుడు 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులోనే కనిపెట్టెను.

యంత్రములకును ఇట్టి చలిజ్వరములు కలవు. నడచుచు నడచుచు హఠాత్తుగా ఆగి, మఱుక్షణముననే ఏమియు నెఱుగనట్లు నడచు ఇంజను అట్టి రోగి. గడచిన 2025వ సంవత్సరపు వేసవిలో మా యింటి మోటారుబండికి ఈ వ్యాధి కలిగెను. అది యెట్లు తెలియవచ్చినదో, ఎవరివలన తెలియవచ్చినదో విద్యార్థులకు ఉపయోగపడునని తలచి యిచట వివరించుచున్నాము.

మా బండి అంబాసిడరు. దీని పుట్టుక చాలమందికి తెలిసినదే. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ వరుస బండిని మాదిరిగా గొని, హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 1957వ సంవత్సరము మొదలుకొని 2014 వఱకు వీనిని నిర్మించిరి. మంత్రులు మొదలుకొని బాడుగబండ్లవారి వఱకు దేశమంతయు నెక్కి తిరిగిన బండి యిదియే. మాది రెండవ మార్కు. నాలుగు సిలిండర్లు, 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. మా తండ్రిగారు తార్నాకలో ఉద్యోగము చేయుచుండిన దినములలో దీనిని చేతులు మాఱిన బండిగా కొనిరి. వారు గతించినప్పటినుండి ఇది మా తల్లిగారికి భర్తగారి గుర్తు. అంతకు మించి నిత్యావసరము. ఆమెకు మోకాళ్లు వంగవు. ఆటోలో ఎక్కి దిగుట కష్టము. బస్సు మాట చెప్పనక్కఱలేదు. అంబాసిడరు వెనుకపీట ఎత్తుగను, వెడల్పుగను ఉండుటచేత, ఆమె తలుపు పట్టుకొని వెనుకకు కూర్చుండి, కాళ్లు రెండును మెల్లగా లోపలికి త్రిప్పుకొనగలదు. ఆసుపత్రికైనను, హబ్సిగూడలోనున్న మా సోదరి యింటికైనను ఆమె ప్రయాణమంతయు ఈ బండిలోనే.

ఏప్రిలు నెల మొదటివారములో బండి మొట్టమొదట ఆగెను. తార్నాక కూడలి దాటి, మెట్రో రైలు స్తంభముల ప్రక్కగా హబ్సిగూడవైపు పోవుచుండగా ఇంజను చప్పుడు చప్పున నిలిచిపోయెను. బండి తన వేగముతో కొంతదూరము జాఱెను. కాలు తీసి, క్లచ్చి త్రొక్కి, తాళము త్రిప్పగానే మఱల మామూలుగా నడచెను. ఎండవేడి యనుకొంటిమి. నాలుగు దినములకు మఱల అట్లే జరిగెను. తరువాత వరుసగా రెండు దినములు జరిగెను. ఆపైన వారము దినములు ఏమియు లేదు. నెలాఖరున ఒకనాటి యుదయమున మా తల్లిగారు వెనుక కూర్చుండియుండగా నడిరోడ్డుమీద ఇంజను ఆగెను. వెనుక వచ్చుచున్న బస్సు కీచుమని జానెడు దూరములో నిలిచెను. ఆమె కేకవేయలేదు. ఇల్లు చేరిన తరువాత మాత్రము, "నా ప్రాణము మాటకేమి నాయనా! ఆ బస్సులో ఎందఱు బిడ్డలున్నారో చూచితివా? ఇక నేను దీనిలో ఎక్కను," అనెను. ఆనాటినుండి ఆమె రెండుసార్లు ఆసుపత్రికి పోవలసియుండియు పోలేదు.

మా తమ్ముడు వ్యవహారజ్ఞుడు. బండిని పాతయినుము కొనువానికి తూకముమీద ఇచ్చివేయుటయే మేలని వాదించి, ఒక వర్తకుని పిలిపించి, బేరము కూడ కుదిర్చెను. జూను రెండవ ఆదివారము వచ్చి తీసికొనిపోవుటకు ఒప్పందమయ్యెను. అందు తప్పు పట్టుటకు వీలులేదు. కదలని బండి ఇంటిముందు వస్తువుగనైన నుండును గాని, ఎప్పుడాగునో తెలియని బండి మృత్యువుతో సమానము. కాబట్టి మాకు మిగిలినది ఆఱు వారముల గడువు.

నగరమునందలి ఒక పెద్ద మరమ్మతుశాలకు బండిని తీసికొనిపోయితిమి. అచటివారు మర్యాదగనే చూచిరి. మొదట స్పార్కు ప్లగ్గులు మార్చిరి. ఆగుట మానలేదు. రెండవమాఱు కాయిలు మార్చిరి. మూడవమాఱు పాయింట్లును, కండెన్సరును మార్చిరి. నాలుగవమాఱు కార్బురేటరు విప్పి కడిగి, పెట్రోలు పంపు క్రొత్తది వేసిరి. ప్రతిపర్యాయము ఇంజనును నిలుచున్నచోటనే గిఱ్ఱున త్రిప్పి చూచి, వాహనముల రద్దీలో ఒక మైలు తిప్పి తెచ్చి, రోగము కుదిరినదని చెప్పిరి. ప్రతిపర్యాయమును రెండుమూడు దినములలో బండి మఱల ఆగెను. పదునొకండువేల రూపాయలు వ్యయమయ్యెను. వారు పనివాండ్రు కారనుటకు వీలులేదు. లోపము కంటికి కనబడనపుడు, ఏ భాగము దోషియై యుండవచ్చునో ఆ భాగమునెల్ల మార్చుచు పోవుట ఒక పద్ధతి. కాని అది చీకటిలో రాళ్లు రువ్వుట వంటిది. తగిలిన తగులును, లేకున్న లేదు.

ఇచట ఇంజను జీవించు విధమును కొంచెము చెప్పవలెను. పెట్రోలు ఇంజనుకు కావలసినవి మూడు: తగినంత ఇంధనము, దానితో కలియుటకు గాలి, సరియైన క్షణమున నిప్పురవ్వ. వీనిలో గాలి హఠాత్తుగా లేకపోవుట యుండదు. కాబట్టి ఆగు ఇంజను ఆకలిచేత ఆగుచున్నదా, నిప్పులేక ఆగుచున్నదా యన్నదే మొదటి ప్రశ్న.

ఆకలికి కారణములు పెక్కులు. హైదరాబాదు వేసవిలో పెట్రోలు గొట్టములోనే మరిగి ఆవిరియై బుడగలు కట్టును. పంపు ద్రవమును లాగగలదు గాని ఆవిరిని లాగజాలదు. అప్పుడు పంపుమీద తడిగుడ్డ వేసి అరగంట నీడలో నిలుపవలెను. పెట్రోలుతొట్టి మూతకు గాలి చొచ్చు సన్నని రంధ్రముండును. అది పూడినచో, తొట్టిలోని ఇంధనము తగ్గినకొలది లోపల శూన్యమేర్పడి, పంపు ఎంత లాగినను పెట్రోలు రాదు. మూత తీయగానే బుస్సుమను చప్పుడుచే ఈ దోషము బయటపడును. ఇవికాక, నేటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల వఱకు ఇథనాలు కలియుచున్నది. చెఱకునుండియు ధాన్యములనుండియు తీయు ఈ సారము దేశమునకు లాభమే యైనను, దానికై నిర్మింపబడని పాతబండ్లకు కొన్ని చిక్కులు తెచ్చును. పాతకాలపు రబ్బరుగొట్టములను మెత్తపఱచును. తొట్టి యడుగున ఏండ్లతరబడి పేరుకొనిన మడ్డిని కదల్చి ముందునకు పంపును. గాలిలోని తేమను పీల్చుకొనును. మా బండి సంగతి విన్నవారిలో పదిమందికి తొమ్మండుగురు ఇథనాలునే నిందించిరి.

ఇక నిప్పు సంగతి. 12 వోల్టుల బ్యాటరీ తనంతట తాను ప్లగ్గు మొనలమధ్య రవ్వను పుట్టింపజాలదు. దానికి వేలకొలది వోల్టులు కావలెను. కాయిలులో సన్నని తీగచుట్లు వేలసంఖ్యలోను, లావుతీగచుట్లు వందలసంఖ్యలోను ఉండును. లావుతీగలో ప్రవహించుచున్న విద్యుత్తును చటాలున త్రెంచినచో సన్నతీగలో మహాబలమైన విద్యుత్తు పుట్టును. ఆ త్రెంచు పని చేయునవే పాయింట్లు. ఇవి డిస్ట్రిబ్యూటరు అను గిన్నెలో ఇమిడియుండి, మా యింజనులో ఒక అంగుళమును వేయిపాళ్లు చేసినచో సుమారు పదునైదు పాళ్లంత యెడము తెఱచుకొని మూసికొనుచుండును. ఇంజను నిమిషమునకు రెండువేలమాఱులు తిరుగునపుడు ఇవి నాలుగువేలమాఱులు తెఱచుకొనును. ఇంతపని చేయు గిన్నెలో ఎచటనైన ఒక రెప్పపాటు తీగ యెడబాసినను ఇంజను మరణించును.

మన మేస్త్రులలో పలువురు ఈ గిన్నెను డెల్కో యందురు. దీనికొక చరిత్ర కలదు. అమెరికాలో డేటన్ నగరమున చార్లెస్ కెట్టరింగ్ అను ఇంజనీయరు బ్యాటరీతో నడచు ఈ రవ్వపద్ధతిని ఏర్పఱుపగా, 1910వ సంవత్సరపు క్యాడిలాక్ బండ్లలో దానిని అమర్చిరి. ఆయన స్థాపించిన సంస్థ పేరులోని మొదటి యక్షరముల కూర్పే డెల్కో. నూఱేండ్లు దాటినను, సముద్రముల కావలి సంస్థ పేరు మన గల్లీలలో ఒక వస్తువునకు పేరై నిలిచియున్నది.

మా సోదరి కుమారుడు పదవ తరగతి చదువుచున్నాడు. అమ్మమ్మ ఆసుపత్రికి పోవుట మానినదని విని, అతడు ఒక పాత లెక్కలపుస్తకము తెచ్చి గీతలు గీసి, బండి ఆగినప్పుడెల్ల తేదీ, వేళ, స్థలము, వేగము, ఎంతదూరము నడచిన పిమ్మట ఆగినది, మఱల ఎంతసేపటికి నడచినది అను వివరములు వ్రాయ మొదలిడెను. జరిగిన వానిని మమ్ము అడిగి పూరించెను. మేము నడపుచుండగా ప్రక్కన కూర్చుండి జరుగుచున్న వానిని చూచి వ్రాసెను. అయిదు వారములలో పదునొకండు పర్యాయములు లెక్కకు వచ్చెను. ఆ పుటను చూచుచుండగా కొన్ని సంగతులు తమంతట తామే పలుకజొచ్చినవి.

పదునొకటిలో ఏడు పర్యాయములు ఆదివారపు టుదయములందో, రాత్రి తొమ్మిది దాటిన పిమ్మటనో జరిగినవి. మిట్టమధ్యాహ్నము జరిగినది ఒక్కటియే. దీనితో ఎండవేడిపై మోపిన నేరము వీగిపోయెను. ఇల్లు కదలిన రెండు నిమిషములకే రెండుసార్లు ఆగెను. తొట్టిమూత దోషమైనచో కొంతదూరము పోవలెను గదా. పిల్లవాడు మూత తీసి చెవియొగ్గి వినెను. బుస్సుమను చప్పుడు లేదు. మఱల నడచుటకు పట్టిన కాలము ప్రతిపర్యాయము కొన్ని క్షణములే. వేడెక్కి చెడిన కాయిలుగాని, ఆవిరి నిండిన గొట్టముగాని ఇంత త్వరగా కోలుకొనవు. చిత్రమేమన, లాలాపేట వంతెన ఎక్కునపుడు ఒక్కసారియైనను ఆగలేదు. దీపముల కూడలిలో నిలిచి నిదానముగా తిరుగుచున్నపుడును ఆగలేదు. ఆగినవన్నియు చదునైన రోడ్డుమీద, గంటకు ముప్పదియైదు నలుబది కిలోమీటర్ల నిలుకడ వేగమున జరిగినవే. ఇంత కష్టపడి కొండ నెక్కినవాడు చదునునేలమీద కూలుటేమి? ఈ ప్రశ్నకు సమాధానము మాకు తోచలేదు. మరమ్మతుశాలవారికి ఆ పుటను చూపగా వారు నవ్వి ప్రక్కనబెట్టిరి.

అప్పటికి గడువు పది దినములున్నది. మా వీథిలో పాలుపోయు నామె మాటలసందర్భమున మాణికేశ్వర్ నగరులో ఒక ముసలి మేస్త్రి యున్నాడనియు, పూర్వము బాడుగ అంబాసిడర్లన్నియు అతని చేతిమీదుగనే నడచెడివనియు చెప్పెను.

మాణికేశ్వర్ నగరు ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము నంటియున్న వాడ. దానికి వడ్డెర బస్తీ యనియు పేరు కలదు. వడ్డెరలు రాతిపనికి ప్రసిద్ధులు. ఆ వాడనుండి కొంచెము దూరములోనే, 1934లో పునాది వేయబడి 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల గులాబిరంగు రాతిమేడ నిలిచియున్నది. చూచువారు దాని కమానులను మెచ్చుకొందురు; రాయిని మలచిన చేతుల పేర్లు ఏ ఫలకముమీదను చదువము. ఒకవైపు విశాలమైన తోటలు, విద్యాశాలలు. వేఱొకవైపు ఇఱుకైన సందులు, ఒకదానికొకటి ఆనుకొనిన చిన్న యిండ్లు. ఆ సందులలో ఒకదాని మొగమున, వేపచెట్టు నీడను, ఱేకుకప్పు క్రింద ఆ మేస్త్రి కొట్టు. బోర్డు లేదు. గోడకు మేకులుకొట్టి పనిముట్లను వరుసగా తగిలించి యుండిరి. డెబ్బదియేండ్లు దాటినవాడు. తండ్రి రాళ్లు కొట్టినవాడనియు, తాను పండ్రెండవయేట పానా పట్టితిననియు తరువాత చెప్పెను.

బండిని చూచి అతడు వెంటనే ముందుమూత ఎత్తలేదు. చెట్టుక్రింద ముక్కాలిపీట చూపి మమ్ము కూర్చుండబెట్టి, ప్రశ్నలు వేయ మొదలిడెను. "సార్, బండి బందయ్యేటప్పుడు దగ్గి దగ్గి బందయితదా, దీపం ఆర్పినట్టు ఒక్కసారే బందయితదా?" అని యడిగెను. దీపమార్పినట్లే యని చెప్పితిమి. "మళ్ల అందుకునేటప్పుడు వెనుక గొట్టంలో పటాకి పేలినట్టు అయితదా?" అనెను. రెండు మూడు పర్యాయములు అట్లు జరిగెను. పిల్లవాడు తన పుస్తకములో అదియు వ్రాసియుండెను. మేస్త్రి తల యూపి, దాని భావమును విప్పి చెప్పెను. ఇంధనము తక్కువైన ఇంజను ఆకలిగొన్న మనుష్యునివలె తూలి, దగ్గి, మెల్లగా పడును. నిప్పు తెగిన ఇంజను ఒక్కసారిగా పడును. ఆ సమయమున కాలని పెట్రోలు పొగగొట్టములో చేఱియుండుటచేత, మఱల నిప్పు తగులగానే అది ప్రేలును. కాబట్టి కార్బురేటరును, పంపును, ఇథనాలును నిర్దోషులు.

పిమ్మట అతడు పిల్లవాని పుస్తకమును అడిగి పుచ్చుకొనెను. తనకు చదువు రాదనియు, చదివి వినిపింపుమనియు అతనితోనే చెప్పెను. పిల్లవాడు పదునొకండు పంక్తులను చదివెను. మరమ్మతుశాలలో నవ్వబడిన ఆ పుటను ముసలివాడు కన్నులు మూసికొని ఆద్యంతము వినెను. వంతెనమీద ఆగలేదన్న మాట వచ్చినపుడు కన్నులు తెఱచి, ఆ పంక్తిని మఱల చదివించుకొనెను. తరువాత, "సార్, ఈ రోగం నా కొట్టుకాడ రాదు. సాఫు రోడ్డుమీద, సగం కాలుమీద వస్తది. పిలగాడు మంచిగ రాసిండు," అనెను.

అయినను అతడు తొందరపడలేదు. ముందుగా ఒక చిన్న బల్బునకు రెండు తీగలు కట్టి, ఒకదానిని కాయిలునకు తాళమువైపునుండి విద్యుత్తు వచ్చు మొనకును, రెండవదానిని బండి యినుమునకును తగిలించి, బల్బును నడపువాని కంటియెదుట వ్రేలాడదీసెను. ఇంజను ఆగినపుడు బల్బుకూడ ఆఱినచో దోషము తాళములోనో, బ్యాటరీనుండి వచ్చు తీగలోనో యుండును. బల్బు వెలుగుచుండగా ఇంజను ఆగినచో దోషము కాయిలునకు ఈవలివైపున నుండును. మఱునాటి రాత్రి పదిగంటలకు, రోడ్డు నిర్జనముగా నున్న వేళ, మేమును పిల్లవాడును హబ్సిగూడవైపు పోయితిమి. మూడవ మైలున ఇంజను ఆగెను. బల్బు చక్కగా వెలుగుచునే యుండెను. అన్ని దినములలో, బండి ఆగినందుకు సంతోషించినది ఆ రాత్రి యొక్కటియే.

ఆ మఱునాడు మేస్త్రి చేసిన పరీక్ష మేము ఎన్నటికిని మఱువము. దానిని గ్రహించుటకు ఇంకొక చిన్న యేర్పాటును తెలిసికొనవలెను. డిస్ట్రిబ్యూటరు ప్రక్కన చిన్న డబ్బీవంటి దొకటి యుండును. దానిలో సాగుడు పొర యొకటి కలదు. కార్బురేటరునుండి సన్నని గొట్టమొకటి ఆ డబ్బీకి వచ్చును. చదునైన రోడ్డుమీద తేలికగా పోవునపుడు సిలిండరులో చేఱు మిశ్రమము పలుచన. అది నెమ్మదిగా మండును. కాబట్టి రవ్వ కొంచెము ముందుగా పుట్టవలెను. ఆ సమయమున కార్బురేటరులోని పీల్పు గొట్టముగుండ పొరను లాగును. పొర, పాయింట్లు అమర్చిన పళ్లెమును కొలదిగా త్రిప్పును. బండి నిలిచి ఇంజను నిదానముగా తిరుగుచున్నపుడు ఆ గొట్టపు రంధ్రము వద్దకు పీల్పు రాదు. ఎత్తెక్కుచు కాలు పూర్తిగా త్రొక్కినపుడు పీల్పు క్షీణించును. అనగా ఆ పళ్లెము గట్టిగా కదలునది చదునురోడ్డుమీద, సగము కాలుమీద మాత్రమే. పిల్లవాని పుస్తకము చెప్పినది సరిగా ఇదియే.

మేస్త్రి ఇంజనును నడిపించి, నిదానముగా తిరుగనిచ్చి, ఆ సన్నని గొట్టమును కార్బురేటరునుండి ఊడదీసి, కొనను నోటబెట్టుకొని గట్టిగా పీల్చెను. ఇంజను తటాలున ఆగెను. మఱల నడిపించి మఱల పీల్చెను, మఱల ఆగెను. రెండు నెలలుగా పెద్ద మరమ్మతుశాలలో ఒక్కసారియైన కనబడని రోగము, ఒక ముసలివాని ఊపిరికి పిలిచినపుడెల్ల వచ్చి నిలిచెను.

తరువాత గిన్నెమూత తీసి, పాయింట్లు పూర్తిగా మూసికొని యుండునట్లు ఇంజనును చేతితో త్రిప్పి నిలిపెను. తాళము వేసి, బల్బును ఈమాఱు కాయిలునుండి డిస్ట్రిబ్యూటరునకు పోవు మొనకును బండి యినుమునకును నడుమ కట్టెను. పాయింట్లు మూసియున్నందున విద్యుత్తు వానిగుండ పోయి బల్బు ఆఱియుండెను. గొట్టమును పీల్చగానే పళ్లెము కదలెను. పాయింట్లు మూసియే యున్నవి. అయినను బల్బు వెలిగెను. దారి మధ్యలో ఎచటనో తెగినదన్నమాట. పళ్లెమునకును, గిన్నె గోడనున్న మొనకును నడుమ వ్రేలెడైన లేని ఒక తీగముక్క కలదు. పైతొడుగు చెక్కుచెదరక యుండెను. మేస్త్రి దానిని ఊడదీసి, రెండుకొనలు పట్టి మెల్లగా లాగగా తొడుగు మాత్రము సాగెను. లోపలి రాగిపోగులు ఎన్నడో త్రెగిపోయి, కొనలు ఒకదానికొకటి తగులుకొని మాత్రమే యున్నవి. పళ్లెము కదలనంతకాలము తగులుకొనియుండును; కదలగానే ఎడబాయును; ఇంజను ఆగి, కాలు తీయగానే పీల్పు పోయి పళ్లెము స్వస్థానమునకు వచ్చి, కొనలు మఱల కలియును. ఇదియే ఆ చలిజ్వరపు రహస్యము. ప్లగ్గులు, కాయిలు, పాయింట్లు, కండెన్సరు అన్నియు క్రొత్తవి వచ్చినను, ఈ తీగ మాత్రము పాతదిగనే యుండెను.

దాని స్థానమున మామూలు తీగ పనికిరాదు. అది బిఱుసు, కొలదిదినములకే విఱుగును. మేస్త్రి తన డబ్బాలోని పాత డెల్కోనుండి వెంట్రుకలవంటి పోగులు గల మెత్తని తీగను తీసి, పళ్లెము రెండుకొనలకు తిరిగినను బిగుసుకొనకుండ కొంచెము వదులుంచి అమర్చెను. మఱల పీల్చెను. ఇంజను ఆగలేదు. మూడువందల రూపాయలు పుచ్చుకొనెను. ఎక్కువ ఇయ్యబోగా తీసికొనలేదు. "మా నాయిన బండమీద సుత్తి చిన్నగ కొట్టి చెవిపెట్టి ఇనేటోడు. లోపల పగులుంటే రాయి మొద్దుగ పలుకుతది. నేనూ గంతే సార్," అనెను.

బండి బాగైనదని మేము సంతోషించితిమి గాని, అతడు మా తల్లిగారిని వెంటనే ఎక్కింపవలదని హెచ్చరించెను. రోగము పోయెనని చెప్పుటకు ఒక దినము చాలదనియు, మునుపు ఎచ్చట ఎప్పుడు ఆగెనో అచ్చటనే అప్పుడే వారముదినములు నడిపి చూడవలెననియు చెప్పెను. పిల్లవాడు పుస్తకములో క్రొత్త పుట తెఱచెను. ప్రతిరాత్రియు నిర్జనమైన రోడ్డుమీద నలుబది కిలోమీటర్ల నిలుకడ వేగమున పోయి వచ్చితిమి. ఏడు రాత్రులు గడచినవి. ఆ పుటలో తేదీలే గాని ఆగుటలు లేవు. పాతయినుము వర్తకుడు రావలసిన ఆదివారమునకు ముందటిరోజున మా తమ్ముడు ఆ రెండు పుటలను ప్రక్కప్రక్కన బెట్టి చూచి, తానే వర్తకునకు ఫోను చేసి రావలదని చెప్పెను. మా తల్లిగారు మా మాటకు ఒప్పుకొనలేదు. మనుమనిచేత రెండవ పుటను చదివించుకొని విని, ఆపైన చెప్పులు తెమ్మనెను. వాయిదాపడిన ఆసుపత్రి ప్రయాణము ఆ సోమవారమున జరిగెను.

విద్యార్థులారా! దీనినుండి నేర్వదగినవి కొన్ని కలవు. అప్పుడప్పుడు కనబడు లోపమునకు క్రమము లేదనుకొనరాదు. క్రమము తెలియుటకు తగినంత వ్రాతమూలమైన లెక్క మనయొద్ద లేదనుకొనవలెను. జరిగినదానినే కాక, జరుగని తావులను కూడ వ్రాయవలెను. బండి వంతెనమీద ఆగలేదన్న పంక్తియే సమస్తమును తేల్చినది గదా. ఒక పరీక్ష చేయుటకు ముందు, దాని ఫలితము ఇట్లున్న నేమి, అట్లున్న నేమి యని నిశ్చయించుకొనవలెను. అట్లు నిశ్చయింపని పరీక్ష వట్టి శ్రమ. భాగములను మార్చుటకు ధనము చాలును. కారణమును తెలిసికొనుటకు ఓర్పు కావలెను. రోగమును దాగినచోటినుండి మన యెదుటికి పిలువగలిగిననాడు సగము చికిత్స ముగిసినట్లే.

మఱియొక మాట. పాయింట్లతో నడచు బండ్లు నానాటికి తగ్గిపోవుచున్నవి. నేటి బండ్లలో రవ్వను పుట్టించు పని ఎలక్ట్రానిక్ పరికరములు చేయుచున్నవి. విద్యుత్తుబండ్లకు రవ్వయే అక్కఱలేదు. ఆ ముసలి మేస్త్రి వద్ద పని నేర్చుకొనువారు ఇప్పుడెవ్వరును లేరు. యంత్రము మాఱిపోవుట లోకధర్మము; దానికి వగవ బనిలేదు. కాని ముందు అడిగి, పిమ్మట విని, ఆపైన చేయిపెట్టు ఆ విద్య ఏ యంత్రమునకైనను, ఏ శరీరమునకైనను, ఏ సంసారమునకైనను పనికివచ్చును. విశ్వవిద్యాలయపు ప్రహరి కావల, బోర్డులేని ఱేకుకొట్టులో అట్టి విద్య యుండుటను మా మేనల్లుడు కన్నులార చూచెను. సెలవుదినములలో అతడిప్పుడు ఆ వేపచెట్టు క్రిందికి పోవుచున్నాడు. మేస్త్రికి అక్షరములు నేర్పుచున్నాడు. మేస్త్రి అతనికి ఇంజను చప్పుడు వినుట నేర్పుచున్నాడు. ఇందులో ఎవరు గురువో, ఎవరు శిష్యులో నిర్ణయించుట మాకు శక్యముకాదు.